పాత పోత ఇనప పెనాలు, మూకుళ్లు: ఎక్కడ దొరుకుతాయి, తుప్పు ఎలా వదిలించాలి?

పటమట_పెసరట్టు | శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఒక పాత ఇనుము కొట్టులో, తూకానికి పోసిన కుప్పలోంచి మూడు సామాన్లు ఏరి తెచ్చుకున్నాను. అట్ల పెనం ఒకటి. దిబ్బరొట్టెల మూకుడు ఒకటి, చెవులు రెండూ మూకుడుతో కలిపే పోత పోసినవి. ఇంకోటి పొంగనాల పెనం. మూడూ ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి. పెనం అడుగున మడ్డి అట్టలు కట్టింది.

"గ్రైండర్ పట్టించండి, అద్దంలా వస్తుంది" అన్నాడు కొట్టాయన. నాకు మనసొప్పలేదు. పెనం మధ్యలో తుప్పు మీద చెయ్యి పెట్టి రాస్తే లోపల నున్నగా తగులుతోంది. ఏ ఇంట్లోనో ఏళ్ల తరబడి అట్లకాడ తిరిగి తిరిగి వచ్చిన నునుపు అది. తుప్పు పోవాలి, ఆ నునుపు మాత్రం ఉండాలి. దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాయనపాడు_రిటైర్డ్ | శనివారం ఉదయం

నమస్తే అండి. నేను వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. తోమడం గురించి తర్వాత చూద్దాం. ముందు అది పోత ఇనుమో, కమ్మరి కొట్టిన ఇనుమో తేల్చుకోండి. పోత సామానుకి అంచు మందంగా ఉంటుంది, అడుగున ఇసుక అచ్చు గరుకు కనిపిస్తుంది, చెవులకి రివిట్లు ఉండవు. కొలిమిలో సాగగొట్టిన మూకుడైతే పల్చగా ఉంటుంది, సుత్తి దెబ్బలు వెలుతురుకి పెడితే తెలుస్తాయి, చెవుల్ని రివిట్లతో బిగిస్తారు.

ఇది ఎందుకు తేల్చుకోవాలంటే, పోత ఇనుములో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. అందుకే తక్కువ వేడికే కరిగి అచ్చులోకి పారుతుంది, అందుకే పెళుసు కూడా. కమ్మరి మూకుడు సొట్టపడితే కొట్టి సరిచేసుకోవచ్చు. పోత మూకుడు మీద సుత్తి పడితే రెండు ముక్కలే.

తర్వాత పగుళ్లు చూడాలి. పెనాన్ని చెవి దగ్గర తాడు కట్టి వేలాడదీసి చెక్క గరిటెతో తట్టండి. ఖంగుమని మోగి కాసేపు నిలిస్తే మంచిది. డొక్కు మోత వచ్చిందంటే ఎక్కడో చీలింది. ఇంకా అనుమానం ఉంటే మేము రైల్వేలో చేసిన పద్ధతి ఉంది. తోమి ఆరబెట్టాక కిరోసిన్ రాసి ఒక గంట వదిలేయండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పల్చగా చల్లండి. పగులు ఉంటే దానిలో దాగిన కిరోసిన్ పైకి ఊరి తెల్ల సుద్దలో గీత గీసినట్టు కనబడుతుంది. యంత్రాలు రాని రోజుల్లో ఇరుసుల పగుళ్లు కూడా ఇలా నూనే సుద్దా పెట్టే పట్టేవాళ్లు. పగిలిన పోతని వెల్డింగ్ చేయించి వంటకి వాడకండి. వేడి చేసి నికెల్ రాడ్డుతో అతికించొచ్చు గానీ, రోజూ పొయ్యి ఎక్కే సామానుకి ఆ అతుకు మీద నాకు నమ్మకం లేదు.

ఆటోనగర్_లేత్ | శనివారం మధ్యాహ్నం

గ్రైండర్ అనగానే అందరూ భయపడుతున్నారు. ఇప్పుడు బజార్లో వచ్చే కొత్త పోత పెనాలు ఇసుక కాగితంలా గరుగ్గా ఉంటాయి, అట్టు లేవదు. నా దగ్గరికి తెస్తే ఫ్లాప్ డిస్కుతో (గ్రైండర్‌కి బిగించే ఇసుక కాగితం రేకుల చక్రం) నునుపు చేసి ఇస్తున్నాను, తీసుకెళ్లినవాళ్లు సంతోషంగానే ఉన్నారు. అది కొత్తదాని సంగతి. పాతదానికి డిస్కు ముట్టించొద్దు అనే మాట నేనూ ఒప్పుకుంటాను. అరిగి నునుపైన చోట డిస్కు పెడితే అర్ధచంద్రాకారంలో గాట్లు పడతాయి, ఎక్కువ తక్కువలు వస్తాయి, నూనె పోస్తే ఒక మూలకి పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాలి. మా ఏరియాలో పాత మూకుళ్లలో, పెనాల్లో సీసం కరిగించేవాళ్లు ఉన్నారు. బ్యాటరీ ప్లేట్లు కరిగించడానికీ, వలలకి గుండ్లు పోయడానికీ బరువైన ఇనప మూకుడే పనికొస్తుంది. అలాంటిది కుప్పలోకి వచ్చాక చూస్తే మామూలు మూకుడే. లోపల అంచు చుట్టూ బూడిద రంగు పొర గానీ, గోరుతో గీస్తే మెరిసే మెత్తటి చుక్కలు గానీ కనిపిస్తే ఇంటికి తేవద్దు.

కెమిస్ట్రీ_మాస్టారు | శనివారం మధ్యాహ్నం

లేత్ గారు చెప్పింది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సీసం కరిగించిన మూకుడుని ఎంత తోమినా, ఎంత కాల్చినా వంటకి పనికొస్తుందని నమ్మడానికి లేదు. పోత ఇనుము ఉపరితలంలోని సన్న గుంటల్లో అది ఉండిపోతుంది. కాలిస్తే ఆ పొగ మనమే పీలుస్తాం. పిల్లల మెదడుకి సీసం చేసే హాని తిరిగి బాగయ్యేది కాదు. అనుమానం ఉన్న సామానుని మళ్లీ తూకానికే వేసేయండి, లేదా పూలకుండీ కింద పెట్టుకోండి. రంగు మారే సీసం పరీక్ష పుల్లలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. స్క్రాపు కుప్పలోంచి తెచ్చిన ప్రతిదానికీ ఆ పరీక్ష చేయడం మంచిది.

పటమట_పెసరట్టు | శనివారం సాయంత్రం

తాడుకి కట్టి మోగించాను. పెనం, మూకుడు రెండూ ఖంగుమన్నాయి. పొంగనాల పెనం మోత తేడాగా ఉంది. రిటైర్డ్ గారు చెప్పినట్టు సుద్ద చల్లితే రెండు గుంతల మధ్య సన్నటి గీత పైకి వచ్చింది. దాన్ని పక్కన పెట్టేశాను. సీసం పరీక్ష పుల్లలు ఆర్డర్ చేశాను, అవి వచ్చాకే ముందుకి వెళతాను. ఈలోపు మడ్డి, తుప్పు వదిలించే పద్ధతి చెప్పండి. నిప్పుల్లో వేసి కాల్చేస్తే పోతుందని ఇంట్లో అంటున్నారు.

ఒహాయో_గుంటూరు | శనివారం రాత్రి

నిప్పుల్లో వేయకండి అండీ! నాది గుంటూరు, ఉండేది ఒహాయోలో. ఇక్కడ పాత స్కిల్లెట్లు, అంటే కాడ ఉన్న పోత పెనాలు, సేకరించేవాళ్లతో తిరుగుతుంటాను. కాల్చి పాడుచేసిన పెనాన్ని వాళ్లు చూడగానే పట్టేస్తారు. ఇనుము మీద ఎర్రటి, గులాబి ఛాయ ఉన్న పొర వస్తుంది, ఆ తర్వాత నూనె పట్టు (కాగిన నూనె గట్టిపడి ఏర్పడే నల్లటి పొర) సరిగా నిలవదు. అడుగు వంకర పోతుంది కూడా. నున్నటి బండ మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరుగుతుంది.

ఇక్కడ అందరూ వెతికేది రెండు పేర్ల కోసం. పెన్సిల్వేనియాలోని ఈరీ ఊళ్లో 1865లో మొదలై 1957లో మూతపడిన గ్రిస్‌వోల్డ్ ఒకటి. మా ఒహాయోలోనే సిడ్నీ ఊళ్లో 1891లో మొదలైన వాగ్నర్ రెండోది. 1896లో టెనెస్సీలో పుట్టిన లాడ్జ్ ఇప్పటికీ పోత పోస్తోంది. పాత గ్రిస్‌వోల్డ్, వాగ్నర్ పెనాలు లోపల నున్నగా ఉండటానికి కారణం, పోత పోశాక కార్ఖానాలోనే యంత్రం మీద చెక్కి నునుపు చేసేవాళ్లు. ఇప్పటివాటిల్లో చాలావరకు ఆ పని మానేశారు. మీ పెనం నునుపు అట్లకాడతో వచ్చింది, వీటి నునుపు యంత్రంతో వచ్చింది. రెండిటినీ కాపాడుకోవాల్సిందే.

వీటి మీద 8 అనో 10 అనో అంకె ఉంటే అంగుళాలు అనుకుంటారు. అప్పటి కట్టెల స్టవ్వు కంత సైజు అది. 8 నంబరు పెనం వెడల్పు సుమారు పదిన్నర అంగుళాలు ఉంటుంది. అడుగున పోత గేటు గీత, అంటే కరిగిన ఇనుము అచ్చులోకి పోసిన చోట మిగిలే గీత, ఉంటే 1890లకి ముందుదని ఇక్కడ అంచనా వేస్తారు. మన ఊరి పోతలకి ఆ లెక్క వేయకండి. మన దగ్గర చిన్న చిన్న పోత కొలుముల్లో పాత పద్ధతి చాలా కాలం నడిచింది.

కెమిస్ట్రీ_మాస్టారు | శనివారం రాత్రి

మడ్డికి ఒక మందు, తుప్పుకి ఇంకో మందు. రెండూ కలపకూడదు.

మడ్డి అంటే మాడి గట్టిపడిన నూనె. దానికి కాస్టిక్ సోడా. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లు పోసి, అర కిలోకి మించకుండా సోడాని కొంచెం కొంచెంగా నీళ్లలో వేయండి. సోడా మీద నీళ్లు మాత్రం పోయకండి, ఎగిసి మొహాన పడుతుంది. రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. పిల్లలున్న ఇంట్లో మూతకి తాళం వేయండి. మొండి మడ్డికి రోజులు పట్టినా ఇబ్బంది లేదు, కాస్టిక్ ఇనుముని తినదు. అల్యూమినియం గిన్నెని మాత్రం ఆ డ్రమ్ము దరిదాపులకి రానివ్వకండి. అల్యూమినియాన్ని అది కరిగించేస్తుంది, హైడ్రోజన్ వస్తుంది.

మడ్డి పోయాక తుప్పు. తక్కువ తుప్పైతే వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి అరగంట నానబెట్టి, తోమి, చూసుకుని, అవసరమైతే మళ్లీ పెట్టండి. రాత్రంతా వదిలేయొద్దు. తుప్పు అయిపోయాక ఆమ్లం ఇనుముని పట్టుకుంటుంది, మీరు కాపాడాలనుకున్న నునుపు గుంటలు పడుతుంది. చింతపండు గుజ్జుకీ ఇదే లెక్క.

తుప్పు ఎక్కువైతే కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీళ్లకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా. 12 వోల్టుల కారు బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ తీగ పెనానికి, పాజిటివ్ తీగ ఒక పాత ఇనప ఊచకి. రెండూ నీళ్లలో తగలకుండా ఉండాలి. తుప్పు పొర వదులై నల్లటి బురదలా మారుతుంది, కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది. మంచి ఇనుము ఒక్క రవ్వ కూడా పోదు, అందుకే నాకు ఈ పద్ధతి అన్నిటికన్నా ఇష్టం. ఊచ బదులు స్టీలు గరిటె పెట్టకండి. అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. జింకు పూత ఉన్న ఊచ కూడా వద్దు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, ఛార్జరు ఆపకుండా తొట్టిలో చెయ్యి పెట్టకండి.

బుడమేరు_గట్టు | ఆదివారం ఉదయం

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వంటిల్లు మొత్తం మునిగింది. మా అత్తగారి పెనం, మూకుడు రోజుల తరబడి బురద నీళ్లలో ఉన్నాయి. అప్పటి నుంచి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాం, పారేయడానికి మనసు రాలేదు. ఆ నీళ్లలో ఏమేం కలిశాయో తెలియదు. వీటిని మళ్లీ వంటకి వాడొచ్చా?

కెమిస్ట్రీ_మాస్టారు | ఆదివారం ఉదయం

వాడొచ్చు అమ్మా. మీ ఇంట్లో తరాలుగా వంటకే వాడినవి కాబట్టి సీసం భయం లేదు. మురుగు నీటి క్రిములు కాస్టిక్ తొట్టిలోనూ, ఆ తర్వాత పట్టు పెట్టేటప్పుడు 200 డిగ్రీలు దాటే వేడిలోనూ బతకవు. వరదలో డీజిలు, పెట్రోలు వాసన పట్టినా కాస్టిక్‌లో నానబెట్టి, వేడి నీళ్లతో కడిగి, బాగా కాచితే పోతుంది. అటక మీద నుంచి దించండి. వరదలో పాడైన సామాన్లలో తిరిగి బాగుచేసుకోగలిగినవి తక్కువ. ఇవి ఆ తక్కువలోవి.

బ్రాడీపేట_వంటిల్లు | ఆదివారం మధ్యాహ్నం

తుప్పు వదిలింది అనుకోండి, అసలు పని అప్పుడు మొదలవుతుంది. మా అమ్మ, అమ్మమ్మ చేసిన పద్ధతి చెబుతాను.

కడిగిన పెనాన్ని ఒక్క నిమిషం కూడా అలా వదలకూడదు. మన బోరు నీళ్లకి చూస్తుండగానే ఎర్రబడుతుంది. గుడ్డతో తుడిచి వెంటనే సన్నటి సెగ మీద పెట్టాలి. చెమ్మంతా ఆరి చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక ఉల్లిపాయని అడ్డంగా కోసి, ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి పెనమంతా రుద్దాలి. వంకాయ తొడిమ అయినా సరే. తర్వాత పొడిగుడ్డతో, అసలు నూనే రాయలేదేమో అనిపించేంత గట్టిగా తుడిచేయాలి. పొగ వచ్చి ఆగేదాకా కాచి, చల్లార్చి, మళ్లీ ఇంకో పూత. నూనె మందంగా రాస్తే బంకలా సాగుతుంది, చెయ్యి అంటుకుపోతుంది.

మూకుడికైతే ఇంకా మంచి దారి ఉంది. మొదటి కొన్నిసార్లు అందులో గారెలో, పునుగులో, మిరపకాయ బజ్జీలో వేయండి. నూనె మూకుడంతా నిండి కాగుతుంటే పట్టు దానంతట అదే ఎక్కుతుంది. మొదటి రోజే దిబ్బరొట్టె వేస్తే అడుగంటుతుంది. పులుసు, టమాటా పచ్చడి, గోంగూర వీటిలో వండొద్దు. పులుపు పట్టుని లాగేస్తుంది, కూర నల్లబడుతుంది, ఇనప వాసన వస్తుంది.

ఒహాయో_గుంటూరు | ఆదివారం రాత్రి

వంటిల్లు గారూ, మీరు చెప్పిందే ఇక్కడ ఓవెన్‌లో చేస్తాం. పల్చగా నూనె రాసి, పూర్తిగా తుడిచేసి, పెనాన్ని బోర్లించి 230 నుంచి 250 డిగ్రీల్లో గంట సేపు పెట్టి, లోపలే చల్లారనిస్తాం. మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీ కూడా 250 దాకా వెళ్తుంది. పెనం అందులో పట్టేంత చోటు ఉంటే చాలు, చెవులకీ వెనక వైపుకీ కూడా ఒకేలా పట్టు వస్తుంది. స్టవ్వు మీద అయితే మంట తగిలిన చోటే బాగా వస్తుంది, అంచుల్లో రాదు.

మంగళగిరి_కొత్త | ఆదివారం రాత్రి

ఏ నూనె వాడాలి? అవిసె నూనె అన్నిటికన్నా మంచిదని ఒక వీడియోలో చూశాను. మా ఇంట్లో కొబ్బరి నూనె ఉంది, అది సరిపోతుందా?

కెమిస్ట్రీ_మాస్టారు | సోమవారం ఉదయం

కొబ్బరి నూనె వద్దు. వేడికి నూనె అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా కలిసి గట్టి పొరగా మారడమే పట్టు. ఆ కలిసే గుణాన్ని అయోడిన్ విలువతో కొలుస్తారు. కొబ్బరి నూనెకి అది 10 లోపు. వేరుశనగకి 85 నుంచి 105, నువ్వుల నూనెకి 110 దగ్గర, పొద్దుతిరుగుడుకి 120 నుంచి 140. అవిసెకి 170 పైన. అంకె చూస్తే అవిసె గెలవాలి. కానీ ఆ పొర మరీ పెళుసు, కొన్నాళ్లకి పెచ్చులుగా ఊడుతుంది. పొద్దుతిరుగుడుతో పట్టు పెట్టి, తర్వాత రోజువారీ అట్లకి మీరు వాడే నూనె ఏదైనా వాడుకోండి.

గిన్నెలు తోమే సబ్బు తగిలితే పట్టు పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. పొరగా గట్టిపడిన నూనెని మామూలు సబ్బు కదిలించలేదు. నానబెట్టడమే దానికి శత్రువు. రాత్రి సింకులో నీళ్లలో వదిలేస్తే పొద్దునకి మళ్లీ ఎరుపే.

ఇంకో సంగతి. ఇనప సామానులో వండితే ఆహారంలోకి ఇనుము కొంత దిగుతుంది, పులుపు ఉంటే ఎక్కువ దిగుతుంది. రక్తహీనత ఉన్నవాళ్లకి అది మేలే. ఇంట్లో తలసీమియాకి రక్తం ఎక్కించుకునే పిల్లలు గానీ, ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బు ఉన్నవాళ్లు గానీ ఉంటే వాళ్ల వంట వీటిలో చేయకండి, డాక్టరుని అడగండి.

మంగళగిరి_కొత్త | సోమవారం సాయంత్రం

చాలా కృతజ్ఞతలు మాస్టారూ. ఇంకో ప్రశ్న. గుంటూరులో ఒక పాత బంగళా కూలగొడుతుంటే, పనివాళ్ల దగ్గర బరువైన ఇనప గిన్నె తీసుకున్నాను. పొడుగు కాడ ఉంది. దాని మీద కెన్రిక్ అనే పేరు, పింట్లలో కొలత ఉన్నాయి. లోపల తెల్లటి పూత, సగం ఊడింది. ఇది ఎక్కడిది?

ఒహాయో_గుంటూరు | సోమవారం రాత్రి

మంచి వస్తువు దొరికింది మీకు! కెన్రిక్ ఇంగ్లండు కంపెనీ, వెస్ట్ బ్రామిచ్‌లో 1791లో మొదలైంది. పోత ఇనప గిన్నెల లోపల తగరం, ఎనామెల్ పూత వేసి అమ్మేవాళ్లు. తెల్లవాళ్ల కాలంలో ఓడల్లో మన దేశానికి వచ్చిన సామాను అది.

అయితే వంటకి మాత్రం వాడకండి. అంత పాత ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, ఊడుతున్న పూత అన్నంలోకి వస్తుంది. పూత గీకేసి వాడదామని కూడా చూడకండి. పైన తుప్పు మెల్లగా తీసి, మైనం రాసి, అక్షరాలు కనబడేలా అల్మారాలో పెట్టుకోండి.

నాకు ఎప్పటినుంచో ఒక ఆశ ఉంది. గుంటూరుకి 1842లో హేయర్ గారు లూథరన్ మిషనరీగా వచ్చింది పెన్సిల్వేనియా సంఘం తరఫున. 1883లో అమెరికా మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ వచ్చారు. ఆ తర్వాత కూడా ఎన్నో అమెరికా కుటుంబాలు ఆ ఊళ్లో కాపురం చేశాయి. గ్రిస్‌వోల్డ్ పోత పోసింది కూడా పెన్సిల్వేనియాలోనే. వాళ్ల పెట్టెల్లో ఒక్క స్కిల్లెట్ అయినా వచ్చి ఉండదా అనిపిస్తుంది. గుంటూరులో పాత సామాన్లు వెతికేవాళ్లు ఎవరైనా పెనం అడుగున గుండ్రటి గీతల మధ్య శిలువ గుర్తు చూస్తే దయచేసి ఇక్కడ ఫొటో పెట్టండి. గ్రిస్‌వోల్డ్ ముద్ర అదే.

ఆటోనగర్_లేత్ | మంగళవారం ఉదయం

వెతికేవాళ్లకి రెండు మాటలు. పెద్ద స్క్రాపు యార్డుల్లో పెనాలు దొరకడం కష్టం, అక్కడికి వచ్చేలోపే పగిలిపోతాయి. వీధుల్లో మైకు పెట్టుకుని పాత సామాన్లు కొనే బండ్లవాళ్లు సాయంత్రం సరుకు దింపే చిన్న కొట్లు చూసుకోండి. విజయవాడ వన్ టౌన్ సందుల్లో, గుంటూరు పట్నంబజారు వైపు తిరగండి. స్టీలు గిన్నెలకి పాత సామాన్లు మార్పిడి చేసే ఆడవాళ్లకి చెప్పి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఇళ్లలో అటకల మీద ఏమున్నాయో వాళ్లకే ముందు తెలుస్తుంది. గ్యాసు పొయ్యి, ఆ తర్వాత నాన్‌స్టిక్ వచ్చాక ఇళ్లలోంచి పోయినవన్నీ వాళ్ల చేతుల మీదుగానే పోయాయి.

ఈమధ్య కొత్త పెనానికి ఉప్పునీళ్లు చల్లి తుప్పు పట్టించి, పాతదని ఎక్కువ ధర చెప్పేవాళ్లు వచ్చారు. దొంగ పాతదానికి తుప్పు అంతటా ఒకే రంగులో, పొడిపొడిగా ఉంటుంది. కింద ఇసుక గరుకు పదునుగా తగులుతుంది. నిజంగా వాడినదానికి మధ్యలో అరుగుదల, అంచున మడ్డి, ఒక చెవి దగ్గర పట్టుకుని పట్టుకుని వచ్చిన మెరుపు ఉంటాయి.

పటమట_పెసరట్టు | తరువాతి ఆదివారం

సీసం పరీక్షలో పెనం, మూకుడు రెండూ నెగ్గాయి. కాస్టిక్ తొట్టిలో మడ్డి పూర్తిగా ఊడింది. పెనానికి వెనిగర్ సరిపోయింది, మూకుడికి కరెంటు పద్ధతి పెట్టాను. మడ్డి కింద నుంచి ఒక తెలుగు అక్షరం, పక్కన చిన్న పువ్వు గుర్తు బయటపడ్డాయి. పోత పోసినవాళ్ల గుర్తే అయి ఉంటుంది. పెనం మధ్యలో నునుపు అలాగే ఉంది, చాలా సంతోషంగా ఉంది. ఓటీజీలో పొద్దుతిరుగుడు నూనెతో పూతలు వేశాను. ఇవాళ పెసరట్టు చిరగకుండా లేచింది. మూకుడులో రెండు వాయిల పునుగులు కూడా అయ్యాయి.

వంటిల్లు గారూ, ఇక దిబ్బరొట్టె వేయొచ్చా? గ్యాసు మీద సెగ ఎంత పెట్టాలి?

బ్రాడీపేట_వంటిల్లు | తరువాతి ఆదివారం

ఇంకో రెండుసార్లు నూనె వంటలు చేశాక వేయండి తల్లీ. మూకుడు ఖాళీగా పెట్టి ఒక్కసారి పెద్ద మంట చేయకండి, పోత ఇనుము నిదానంగానే వేడెక్కాలి. చిన్న బర్నరు మీద సన్న సెగలో ముందు వేడి చేసి, రెండు మూడు గరిటెల నూనె వేసి చుట్టూ తిప్పండి. మినప్పిండి, రవ్వ కలిపిన పిండి రెండు అంగుళాల మందాన పోసి, బరువైన మూత పెట్టండి. అంచులు ఎర్రబడి మూకుడుని వదిలేదాకా మూత తీయకండి, సెగ పెంచకండి. తిరగేశాక రెండో వైపు మూత లేకుండా కాలనివ్వండి. రొట్టె తీయగానే వేడి మూకుడు మీద చన్నీళ్లు పోయొద్దు, అక్కడే పగులుతుంది. చల్లారాక తుడిచి, ఒక చుక్క నూనె రాసి, మూత పెట్టకుండా గాలి తగిలేచోట బోర్లించండి.